వాన పాప డ్యూటీ

రిటైరైనోళ్ళు రాసుకునే జ్ఞాపకాల్లో శాలువా, సన్మానం, గ్రూపు ఫోటో ఉంటాయి. నాకు అవేవీ లేవు. మేము రేడియోలో క్యాజువల్ అనౌన్సర్లం. డ్యూటీ చార్టులో పేరు రాకుండా పోయిన నెలే మాకు రిటైర్మెంట్. ఈ మధ్య ఆర్జేలు కావల్లనుకొనే పిల్లోళ్ళకు నాలుగు మాటలు చెప్పమని ఒక కాలేజీ వాళ్ళు పిలిస్తే పోయింటి. గొంతు ఎట్ల కాపాడుకోవల్ల, మైకుకు ఎంత దూరంలో కూర్చోవల్ల అని అడిగినారు. ఒక పాప మాత్రం లేచి, మేడం, మీ ఉద్యోగంలో ఎవరినైనా చూసి జెలసీ ఫీలయినారా అని అడిగె. అందరూ నవ్విరి. నేనూ నవ్వి ఊరుకుంటి. ఈడ చెప్తా.

అయినా. బాగా అయినా. ఇప్పటికీ పోలేదు.

ముందే ఒక మాట. నేను రేడియోలో మాట్లాడిన తెలుగు వేరే. "శ్రోతలకు నమస్కారం, ఇప్పుడు మీరు వినబోయేది" అని నేను ఎత్తుకుంటే ఎవరో పెద్దింటి మనిషి అనుకొంటాండ్రి. ఆ తెలుగు స్టూడియోలోనే వదిలేసి వచ్చినా. ఇది కొత్తచెరువు పక్క పల్లెలో పుట్టిన దాని తెలుగు.

అప్పటికి తొంభైలు అయిపోవస్తాండాయి. అంతకుముందు శ్రోతలకు పాట కావల్లంటే కార్డు రాస్తాండ్రి, మేము పేర్లు చదివి పాట వేస్తాంటిమి. ఫోన్-ఇన్ వచ్చినాక కథే మారిపాయ. ఫోను చేసినోళ్ళ గొంతు జిల్లా అంతా వినపడతాది గదా, జనానికి పిచ్చి పట్టె. మా అందరికీ సాయంత్రం డ్యూటీనే కావల్ల. ముందు రైతుల కార్యక్రమం, దాని చివర్లో వాతావరణ శాఖోళ్ళు పంపే కాగితం చదివేది, ఆ వెంటనే ఫోన్-ఇన్ పాటలు. ఒకరు లోపల మైకు ముందర కూర్చుంటారు. ఇంకొకరు అద్దం గోడకు ఇవతల, పక్క గదిలో ఫోన్లు ఎత్తి, పేరూ ఊరూ పాటా కనుక్కోని లోపలికి కలపల్ల. ఎవడైనా వెకిలిగా మాట్లాడితే లోపలుండే మనిషి ఫేడర్ కిందికి లాగల్ల, అంటే వాని గొంతు నొక్కేసి పాట వేసేయల్ల. మిగతా యంత్రాల సంగతి మీకెందుకు, ఇప్పుడవన్నీ పాత ఇనుము.

ఆ సాయంత్రం డ్యూటీకి నేనే రాణిని. అబద్ధమెందుకు, గర్వంగానే ఉంటాండె. బస్సులో టికెట్టు అడిగితే కండక్టరు తల తిప్పి చూస్తాండె, ఈ గొంతు యాడో విన్నానే అని. అయితే నాకు వాళ్ళందరూ కాదు ముఖ్యం. మా నాయన వినల్ల. అంతే నాకు కావల్సింది. మా నాయన చెనిక్కాయ రైతు, మీరు వేరుశనగ అంటారే, అది. నోరు తెరిచి బాగుంది అనే రకం కాదు. కూర ఎట్లుంది అంటే తింటాండా గదా అంటాడు. అట్లాంటి మనిషి నా డ్యూటీ ఉన్న పొద్దు రేడియో చంకన పెట్టుకోని ఊర్లో మా ఇంటెదురుగా ఉండే అంగడి కాడికి పోయి, నలుగురి మధ్యలో సౌండు పెంచి పెట్టి, తనకేమీ పట్టనట్ల బీడీ తాగతా కూర్చుంటాండె. మా యమ్మ చెప్తాండె ఈ సంగతి. నాకు ఆ మాట కడుపు నిండా అన్నం తిన్నట్లుండేది.

అప్పుడొచ్చింది ఆ పాప.

గుంతకల్లు పిల్ల. వాళ్ళ నాయన రైల్వేలో పని చేస్తాండె. రైల్లో వస్తాది, రైల్లో పోతాది. వచ్చిన కొత్తలో అక్కా అక్కా అని నా వెనకాలే తిరిగె. ఫేడర్ ఎట్ల లాగల్ల, దగ్గొస్తే ఏమి చేయల్ల, పాట అందకపోతే ఏమి మాట్లాడల్ల, అంతా నేనే నేర్పిస్తి. నేర్చుకునె. నేర్చుకోని, మైకు ముందర కూర్చున్న మొదటి సాయంత్రమే, ఏమన్నా యాడ నుంచి, తిన్నావా, చేన్లో ఏమేసినావు అని ఎత్తుకునె. అవతల మనిషి ఏమన్నా అంటే పకపకా నవ్వుతాది. ఇది రేడియోనా, బోరింగు కాడ ముచ్చట్లా? మా ఆఫీసరు పిలిచి గడ్డి పెడతాడని నేను కాచుకోని కూర్చుంటి. ఆయన అద్దంలోంచి ఆమెను చూసె, మోగతా ఉండే ఫోన్లను చూసె, నా పక్కకు తిరిగి, మీరు కూడా కొంచెం నవ్వుతూ మాట్లాడితే బాగుంటుందమ్మా అనె. ఒళ్ళు మండిపాయ నాకు. నవ్వకుండా, యాస రాకుండా మాట్లాడేది నేర్చుకొనేదానికి నాకు ఎన్నేండ్లు పట్టిందో ఆయనకేమి తెలుసు.

అంతటితో ఆగింటే ఓర్చుకొనేదాన్నేమో. వానొచ్చి చెడగొట్టె.

ఆ ఏడు ముంగారు వాన, అదే యిత్తనాలేసే వాన, ఆలస్యమాయ. ఒక సాయంత్రం ఆ పాప వాతావరణం చదివె, అక్కడక్కడా చెదురుమదురు జల్లులు పడే అవకాశం ఉందని. మేము దినమూ చదివే మాటే. ఆ మాపే ధర్మవరం పక్క వాన పడె. మళ్ళ ఆమె డ్యూటీ వచ్చె, ఈసారి కళ్యాణదుర్గం పక్క పడె. మూడోసారి ఆమె చదివితే యాడో ఇంకో పక్క పడె. ఇంకేముంది, ఆ పాప చెప్తే వాన పడతాదని ఊరూరా పాకిపాయ. ఎవరు పెట్టినారో పేరు కూడా పెట్టిరి, వాన పాప అని. నేను మనసులో వానపాము అంటాంటి.

మీరే చెప్పండి. కాగితం ఒకటే. పంపించేవాళ్ళు ఒకరే. నేను చదివినా అదే మాట, ఆమె చదివినా అదే మాట. నా డ్యూటీ పొద్దు కూడా ఒకసారి లేపాక్షి పక్క బాగా పడింది. ఎవరికైనా చెప్తే, అది లేపాక్షి గదా, బసవన్న ఉన్నాడు, పడతాది అనిరి. ఆమె వాన ఆమె లెక్కలోకి, నా వాన బసవన్న లెక్కలోకి.

ఒక పొద్దు గేటు కాడికి ఒకాయన సైకిల్ మీద వచ్చె, సంచి నిండా దోసకాయలు. వాన పాప యాడుంది అని నన్నే అడిగె. ఈ పొద్దు డ్యూటీ లేదన్నా అంటిని. నా గొంతు విని కండ్లు చిట్లించి చూసి, "నువ్వు ఎండల్లో మాట్లాడే యమ్మవు గదా" అనె. దోసకాయలు వాచ్‌మన్ చేతికిచ్చి, ఆ పాపకే ఇయ్యల్లని మళ్ళ మళ్ళ చెప్పి పాయ. ఒక్కటి తీసి నా చేతిలో పెట్టింటే ఏమి పోయె ఆయప్పకు.

నేనూ ఊరికే కూర్చోలేదు. డ్యూటీ చార్టు వేసే ఆయన్ని బతిమాలి, మబ్బు పట్టిన పొద్దు నా డ్యూటీ పడేటట్ల మార్పించుకుంటి. పొద్దున లేస్తే మిద్దె ఎక్కి ఆకాశం చూసేది. మా ఇంటాయన, నువ్వేమన్నా యిత్తనం ఏస్తాండావా మే అని నగె. ఒక పొద్దు నల్లగా కమ్ముకొనింది. ఇంక నాదే ఈ పొద్దు అనుకోని ఉత్సాహంగా పోయి, గొంతు సవరించుకోని చదివితి. నేను స్టూడియోలోంచి బయటికి వచ్చేసరికి గాలి లేచి మబ్బంతా తోసుకోని పాయ. మరుసటి పొద్దు ఆమె డ్యూటీ. ఎండ ఫెళ్ళున కాస్తాండె. సాయంత్రానికి ఎట్లొచ్చిందో వాన, ఆమె గుంతకల్లు రైలెక్కేదానికి గొడుగు నాదే ఇస్తి.

మా పక్క చెనిక్కాయ రైతుకు ఒక పద్ధతి ఉండాది. కాయలు ఒలిచి యిత్తనం తయారుగా పెట్టుకోని ఆకాశం చూస్తా కూర్చుంటాడు. వాన పడి నేలకు పదును తగిలిందంటే ఆ పదును ఆరకముందే గొర్రు కట్టి యిత్తల్ల. ఆ ఏడు జనం ఆకాశం చూసేది మానుకునిరి. వాన పాప డ్యూటీ ఎప్పుడని ఫోన్లు చేసి కనుక్కోని, దానికి ముందు దినం కూర్చోని కాయలు ఒలిచేది. ఫోను ఎత్తేది ఎవరు? నేను. ఆమె డ్యూటీ ఎప్పుడో నా నోటితో నేనే చెప్పల్ల.

ఆ వారం ఊరికి పోతి. సాయంత్రం కాగానే మా నాయన రేడియో చంకన పెట్టుకోని లేచె. ఈ పొద్దు నా డ్యూటీ కాదు గదా నాయనా, నేను ఈడనే ఉండా గదా అంటిని. చెప్పులేసుకోని పాయ. మా యమ్మ చేటలో కాయలు ఒలస్తా, నా మొగం చూడకుండా చెప్పె. నా డ్యూటీ పొద్దు ఇప్పుడు రేడియోనే పెట్టడంట. బ్యాటరీలు పీకి అటక మీద పెట్టేస్తాడంట. ఆ పాప డ్యూటీ పొద్దు మాత్రం అందరికంటే ముందు పోయి కూర్చుంటాడంట.

జిల్లా అంతా ఆమెను నెత్తిన పెట్టుకోనీ, ఓర్చుకొంటా. మా నాయన చెవులు కూడా ఆమెకే కావల్సొచ్చెనా? ఆయన తిరిగొచ్చినాక నిలదీస్తి. "ఆ పాపకు వాన అచ్చొచ్చిందిలేమ్మా. నలుగురూ అడుగుతారు" అని చెంబు తీసుకోని కాళ్ళు కడుక్కొనేదానికి పాయ. ఆ మాట అనేటప్పుడు నా పక్క చూడనే లేదు. అన్నం కూడా తినకుండా పడుకుంటి. పొద్దున్నే బస్సెక్కి వచ్చేస్తి.

తర్వాత ఆమె డ్యూటీ పొద్దు జిల్లాలో శానా పక్కల మంచి వాన పడె. అందరూ యిత్తిరి. మా నాయనా యిత్తె. మొలక లేచె, పచ్చగా కండ్లకు బాగుండె. అంతే, ఆ తర్వాత ఆకాశం మళ్ళ తిరిగి చూడలేదు. వారాలు గడిచిపాయ. ఆకులు ముడుచుకునె. పూత పట్టాల్సిన కాలంలో మొక్క వాడిపాయ. మేము మాత్రం సాయంత్రం సాయంత్రం చదువుతానే ఉంటిమి, చెదురుమదురు జల్లులు పడే అవకాశం ఉందని.

అట్లాంటి ఒక పొద్దు మైకు ముందర ఆమె, ఫోన్ల కాడ నేను. ఆమె వాతావరణం చదివి ఫోన్-ఇన్ మొదలుపెట్టె. మొదటి ఫోను ఒక పెద్దాయన. నాతో మర్యాదగా పేరు చెప్పె, పాట చెప్పె. కలిపితి. లోపలికి పోతానే గొంతు మారిపాయ. నువ్వు చెప్పినావనే యిత్తనం ఏసినామే, ఇప్పుడు నీ నవ్వు ఎత్తుకపోయి చేన్లో పోసుకోవాల్నా అనె. ఫేడర్ లాగేస్తాదని చూస్తి. లాగలేదు. వింటా కూర్చునె. కాగితంలో ఉండేది చదివినానన్నా, మన్నించన్నా అనె. రెండో ఫోనూ అంతే. మూడో ఆయన అన్న మాటలు నేను రాయను. నేను అద్దం మీద తట్టి, లాగు లాగు అని సైగ చేస్తి. తల అడ్డంగా ఊపె. కండ్లల్లో నీళ్ళు కారిపోతాంటే ముక్కు ఎగబీల్చుకుంటా, చెప్పన్నా, ఇంకా చెప్పన్నా అంటాది.

మీరేమన్నా అనుకోండి, అప్పుడు కూడా నాకు ఈర్ష్యే వచ్చింది. తిట్టేదానికైనా ఆమెనే తిడతాండారు. నేనూ అదే కాగితం చదివినా గదా, నన్ను ఒక్కడూ తిట్టలేదు. తిట్టల్లన్నా ముందు నమ్మల్ల గదా. నా మాట మీద ఒక్క చేన్లో ఒక్క గింజ పడలేదు.

మళ్ళ ఫోను మోగె. నా స్టూడియో గొంతుతో, నమస్కారం, మీ పేరు, ఊరు చెప్పండి అంటిని. అవతల గొంతు వినంగానే పోల్చుకుంటి. మా నాయన. అంగట్లో ఉండే కాయిన్ ఫోను కాడి నుంచి. నేను ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఒక్కసారి కూడా స్టేషన్‌కు ఫోన్ చేయని మనిషి. అంగట్లో రేడియో మోతకో ఏమో, నేనని గుర్తుపట్టలేదు. అమ్మా, ఆ పాపకు ఒగ మాట చెప్పల్ల, కొంచెం ఇయ్యమ్మా అని బతిమాలుకొనె.

ఏమంటాడో తెలీదు. ఆయన చేనూ ఎండిపోయింది. తిడతాడేమో అనుకుంటి. తిట్టకుండా మెచ్చుకుంటే నేను అంతకంటే తట్టుకోలేననుకుంటి. కలిపితి. స్పీకర్లో మా నాయన గొంతు గదంతా నిండె.

"పాపా, ఏడవగాకు. మీ నాయన కూడా యాడో రేడియో పెట్టుకోని వింటాంటాడు. నా బిడ్డ కూడా ఆడనే పని చేస్తాది. దాని డ్యూటీ పొద్దు నేను రేడియో పెట్టను. అది వానొస్తాదని చెప్పి, రాకపోతే, ఈడ అంగడి కాడ మొగోళ్ళు నోటికొచ్చినట్ల అంటారు. నా బిడ్డను అంటాంటే నేను కూర్చోని వినలేను. అందుకని నీ పొద్దే పెడతాంటి. తిట్టేదేదో నిన్ను తిట్టనీలే అనుకొంటి. అది తప్పు గదా పాపా. నువ్వూ ఒగ నాయనకు బిడ్డవే గదా."

లోపల ఆ పాప నోట మాట రాలేదు. రేడియోలో అట్ల ఎవరూ మాట్లాడకుండా ఉంటే మా ఉద్యోగాలు పోతాయి. ఆఫీసరు తలుపు కాడికి వచ్చి నిలబడె. ఆయనా కదల్లేదు. మళ్ళ మా నాయనే, "నా చేనూ పోయింది. వానకు నువ్వేమి చేస్తావు. ఏదో ఒగ పాట ఎయ్యి" అని పెట్టేసె. ఆమె పాట వేసె. ఆ తర్వాత వచ్చిన ఫోన్లల్లో ఒక్కరూ ఒక్క మాట అనలేదు. నిజంగానే పాటలు అడిగిరి.

ఆమె డ్యూటీ అయిపోయి బయటికొచ్చి, ఆ పెద్దాయన ఎవరక్కా, మన వాళ్ళల్లో ఎవరి నాయనక్కా అని అడిగె. తెలీదంటి. చెప్పబుద్ధి కాలేదు. మా నాయన అంత పొడుగు మాట్లాడేది నేను పుట్టినాక వినింది అదే. అదీ ఆమెతో. తర్వాత కొన్నాళ్ళకు ఆమె బెంగళూరులో ప్రైవేటు ఎఫ్.ఎం.లోకి పోయి పెద్ద పేరు తెచ్చుకునె. ఆ పేరు చూసి నాకేమీ అనిపించలేదు. ఆ పొద్దు ఆమె చెవుల్లో పడిన మాటలకు మాత్రం ఇప్పటికీ కుళ్ళుతాండా.

మరుసటి దినమే ఊరికి పోతి. మా నాయన చేన్లో ఎండిన మొక్కలు పీకి ఎద్దులకు మోపు కడతాండె. పోతానే ఎత్తుకుంటి. ఆ మాట నాకు చెప్పేదానికి నోరు రాలేదా నాయనా, ఇన్నాళ్ళూ నేను ఏమనుకోవల్ల, పరాయి పిల్లకు చెప్పినావే, కన్న బిడ్డకు చెప్పకూడదా అని నోటికొచ్చినట్ల అరిస్తి. మోపు కట్టేది ఆపలేదు.

"ఏడ్చింది ఆ పాప గదా, దానికి చెప్తి. నువ్వు యాడ ఏడ్చినావు? నువ్వు మండుతాంటివి" అనె.

ఫోను ఎత్తింది నేనే నాయనా, కలిపింది నేనే అంటిని. తల ఎత్తి చూసె. "నువ్వా? ఎవురో ఆఫీసరమ్మ అనుకొంటినే" అనె. చేతికంటిన మన్ను పంచెకు తుడుచుకొనె. నాకు కోపం ఎట్ల పోయిందో తెలీదు, ఏడుపొచ్చె. మరి ఇంకమీదన్నా నా డ్యూటీ పొద్దు రేడియో పెడతావా అని అడిగితి.

మా నాయన మోపు నెత్తికెత్తుకొనె.

"వాన పడనీమ్మా. పెడతా."

ఆ ఏడు మళ్ళ వాన పడలేదు.